మందు ఏ చెవికి చేరుతోంది?



ఉబ్బసం ఉన్నవాళ్ళు పంపు పీల్చుకుంటారు. కొద్ది నిమిషాల్లో ఛాతీ తేలికపడుతుంది. పిల్లికూతలు తగ్గుతాయి. ఆ వెంటనే చేతివేళ్ళు సన్నగా వణుకుతాయి. చేతిలో టీ గ్లాసు ఉంటే అందులో టీ కదులుతూ కనిపిస్తుంది. గుండె కాస్త దడదడలాడుతుంది. ఊపిరి కోసం పీల్చిన మందుకు వేళ్ళతో ఏం పని? గుండెతో ఏం పని?

ఇంకో ప్రశ్న. ఒక పెద్దాయనకు కంట్లో నీటికాసులు. డాక్టరు చుక్కల మందు రాశారు. పెద్దాయన ఆ చుక్క వేసుకోవడం మొదలుపెట్టాక ఆయాసం ఎక్కువైంది. కంట్లో వేసిన చుక్కకూ ఛాతీలో ఊపిరికీ ఏమిటి సంబంధం?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. ఆ జవాబే ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే, దయచేసి వాళ్ళను కూడా రేడియో దగ్గరకు పిలవండి.

మన మూత్రపిండాల పైన ఆనుకుని చెరొక చిన్న గ్రంథి ఉంటుంది. పేరు అడ్రినల్ గ్రంథి. మనకు భయం వేసినా, కోపం వచ్చినా, బస్సు కోసం పరుగెత్తినా, ఆ గ్రంథి నుంచి అడ్రినలిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. 1901లో జోకిచి టకమినె అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని శుద్ధంగా వేరు చేసిన సంగతి లోకానికి చెప్పాడు. అప్పటి నుంచి వైద్యులకు ఒక చిక్కు ప్రశ్న. ఈ ఒక్క అడ్రినలిన్ గుండెను వేగంగా కొట్టిస్తుంది. చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే భయపడ్డ మనిషి ముఖం పాలిపోతుంది. అదే అడ్రినలిన్ ఊపిరి గొట్టాలను మాత్రం సడలిస్తుంది. ఒకచోట బిగించేదీ అదే, ఇంకోచోట వదులు చేసేదీ అదే. ఎలా?

పెళ్ళివారిల్లు ఊహించుకోండి. పందిట్లోకి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "మగపెళ్ళివారు వచ్చేశారు!" అని కేక వేస్తాడు. కేక ఒక్కటే. వంటాయన ఆ కేక విని పొయ్యి కింద మంట పెంచుతాడు. మేళగాళ్ళు సన్నాయి అందుకుంటారు. ముత్తయిదువలు ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. గేటు దగ్గర నిలబడ్డవాడు గేటు బార్లా తెరుస్తాడు. ఎవరు ఏం చెయ్యాలో కుర్రాడు చెప్పలేదు. వాడు కేకే వేశాడు. విన్న చెవి ఎవరిదో, పని వాళ్ళది.

శరీరంలో అడ్రినలిన్ ఆ కేక లాంటిది. ప్రతి అవయవంలోని కణాల మీద దాన్ని వినే చెవులుంటాయి. వైద్యశాస్త్రం వాటిని గ్రాహకాలు అంటుంది. ఇవాళ మనం చెవులనే అందాం. ఒకటే గుర్తుపెట్టుకోండి. కేక ఒకటే, చెవులు వేరు.

ఈ సంగతిని మొదట గట్టిగా నిలబెట్టినవాడు రేమండ్ ఆల్‌క్విస్ట్. అమెరికాలో జార్జియా వైద్య కళాశాలలో పనిచేసేవాడు. అడ్రినలిన్‌నూ, దానికి దగ్గరి చుట్టాలైన మరికొన్ని పదార్థాలనూ తీసుకుని ఒక్కో అవయవం మీద ప్రయోగించి చూశాడు. ఏ పదార్థం ఎక్కడ ఎంత బలంగా పనిచేస్తోందో వరసలు కట్టాడు. అవయవాలు ఎన్నో ఉన్నా వరసలు రెండే తేలాయి. అంటే చెవులు రెండు రకాలన్నమాట. ఒకదానికి ఆల్ఫా అని, రెండోదానికి బీటా అని పేరు పెట్టాడు. ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పి పంపేసింది. 1948లో వేరే పత్రిక అచ్చువేసింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళ పాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇవాళ బీపీకి, గుండెకు, ఉబ్బసానికి, కంటికి మనం వాడే మందుల్లో ఎన్నిటికో ఆ వ్యాసమే పునాది.

1967లో లాండ్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇంకో అడుగు వేశారు. బీటా చెవి కూడా ఒకటి కాదన్నారు. గుండెలో ఉన్నది ఒక రకం, ఊపిరి గొట్టాల్లో ఉన్నది ఇంకో రకం. గుండెది బీటా ఒకటి. గొట్టాలది బీటా రెండు.

మళ్ళీ చెప్తాను. గుండెకు బీటా ఒకటి. ఊపిరి గొట్టాలకు బీటా రెండు. తర్వాత నేను చెప్పబోయేదంతా ఈ రెండు ముక్కల మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఊపిరి గొట్టం దగ్గరకు వద్దాం. గొంతు కింద నుంచి మొదలైన గాలి గొట్టం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్ళీ చీలుతాయి. అలా చీలుతూ చీలుతూ, చివరికి ఒక మిల్లీమీటరు కంటే సన్నని గొట్టాలవుతాయి. వీటి గోడల్లో చుట్టూ తిరిగి ఒక కండరం ఉంటుంది. మన ఇష్టంతో కదిలే కండరం కాదిది. మృదు కండరం అంటారు. ఇది బిగుస్తే గొట్టం ఇరుకవుతుంది. సడలితే గొట్టం వెడల్పవుతుంది. ఉబ్బసంలో ఈ కండరం అయినదానికీ కానిదానికీ బిగుసుకుంటుంది. దుమ్ము పడినా, చల్లగాలి తగిలినా, పొగ పీల్చినా బిగుసుకుంటుంది. దానికి తోడు గొట్టం లోపలి పొర వాచి ఉంటుంది. కళ్ళె చిక్కగా పడుతుంది. గాలి ఆ ఇరుకులోంచి దూరేటప్పుడు వచ్చే చప్పుడే పిల్లికూత.

ఈ కండరం పనిని కళ్ళతో చూడొచ్చు. మన వైద్య కళాశాలల ఫార్మకాలజీ ల్యాబుల్లో ఎన్నో ఏళ్ళు చేసిన ప్రయోగమే ఇది. గినీ పంది శ్వాసనాళం నుంచి చిన్న ఉంగరాల్లాంటి ముక్కలు కోసి, ఒకదానికొకటి దారంతో కడతారు. ఉప్పునీటి ద్రావణం పోసిన గాజు పాత్రలో ఆ గొలుసును వేలాడదీస్తారు. నీటి వేడి 37 డిగ్రీలు ఉండాలి. అడుగు నుంచి ఆక్సిజన్ బుడగలు వస్తుండాలి. పైదారం ఒక సన్నని మీటకు కట్టి ఉంటుంది. ఆ మీట కొన, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీస్తుంటుంది. పాత్రలో ముందు హిస్టమిన్ వేస్తే కండరం బిగుస్తుంది, గీత పైకి పోతుంది. తర్వాత అడ్రినలిన్‌కు దగ్గరి చుట్టమైన ఐసోప్రినలిన్ కొద్దిగా వేస్తారు. గీత మెల్లగా కిందికి దిగుతుంది. ఆ తెల్లగీత దిగడమే ఊపిరి గొట్టం తెరుచుకోవడం. చూసిన విద్యార్థి మరిచిపోడు.

అయితే గినీ పందీ మనిషీ ఒకటి కాదు. గినీ పంది శ్వాసనాళంలో బీటా రెండు ఎక్కువ, దానితో పాటు బీటా ఒకటి కూడా కొంత ఉంటుంది. మనిషి ఊపిరి గొట్టాల కండరంలో బీటా ఒకటి కనిపించదు. అక్కడున్నవన్నీ బీటా రెండు చెవులే. ఆల్ఫా చెవుల పాత్ర కూడా అక్కడ చెప్పుకోదగ్గది కాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి ఒకటుంది. గుండెకు అడ్రినలిన్ జాతి కబురు అందించడానికి నేరుగా నరాలున్నాయి. మనిషి ఊపిరి గొట్టాల కండరానికి అలాంటి నరాలు దాదాపు లేవు. దాన్ని బిగించే నరం ఉంది. పేరు వేగస్ నరం. సడలించడానికి మాత్రం రక్తంలో తిరిగే అడ్రినలిన్ మీదే చాలావరకు ఆధారపడాలి. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో రక్తంలో ఈ అడ్రినలిన్ బాగా తగ్గుతుంది. వాపును అణచి ఉంచే కార్టిసాల్ కూడా రాత్రివేళ తక్కువగానే ఉంటుంది. అదే సమయంలో వేగస్ నరం జోరు ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్ళు సరిగ్గా ఆ వేళకే లేచి, మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుంటారు. ఆ ఇళ్ళలో నిద్ర ఎలా ఉంటుందో ఆ ఇళ్ళవాళ్ళకే తెలుసు.

బీటా రెండు చెవికి కబురు అందితే లోపల ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న పదార్థం పెరుగుతుంది. దీన్ని కనిపెట్టినందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ ఇచ్చారు. అది పెరిగితే కండర కణంలో కాల్షియం తగ్గుతుంది. కాల్షియం తగ్గితే కండరం పట్టు వదులుతుంది. ఈ బీటా రెండు చెవి జన్యువును 1986లో పట్టుకున్నారు. అది ఎలాంటి ఆకారంలో ఉంటుందో 2007లో చూడగలిగారు. ఆ పనికి రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో నోబెల్ వచ్చింది.

ఇక మందుల కథ. ఉబ్బసానికి మొదట్లో అడ్రినలిన్ ఇంజెక్షనే ఇచ్చేవారు. ఊపిరి తెరుచుకునేది. కానీ ఆ కేక అన్ని చెవులకూ వినిపిస్తుంది కదా. గుండె పరుగెత్తేది, బీపీ ఎగబాకేది. తర్వాత ఐసోప్రినలిన్ వచ్చింది. అది ఆల్ఫా చెవిని దాదాపు వదిలేసింది. బీటా ఒకటికీ రెండుకూ మాత్రం సమానంగా వినిపించేది. 1956లో అమెరికాలో రైకర్ అనే సంస్థ, నొక్కితే కొలత ప్రకారం మందు చిమ్మే పంపును తెచ్చింది. ఆ సంస్థ అధిపతి కూతురికి ఉబ్బసం. "సెంటు సీసాలో ఉన్నట్టు నా మందు కూడా స్ప్రేలో ఎందుకు పెట్టకూడదు?" అని ఆ పిల్ల తండ్రిని అడిగిందట. ఇవాళ ప్రపంచమంతా జేబులో పెట్టుకుని తిరిగే పంపు అలా పుట్టింది.

పంపు వచ్చాక కష్టం కూడా వచ్చింది. 1960ల్లో బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ ఉబ్బసంతో చనిపోయేవాళ్ళ సంఖ్య పెరిగింది. చనిపోయినవాళ్ళలో పిల్లలు, పడుచువాళ్ళు కూడా ఉన్నారు. బలం ఎక్కువగా ఉన్న ఐసోప్రినలిన్ పంపులు విరివిగా అమ్ముడవుతున్న రోజులవి. పంపు మీద పంపు కొట్టుకుంటూ, ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేసినందువల్ల కొందరు పోయారు. గుండె మీద మందు ప్రభావం కూడా కారణమై ఉండొచ్చని వైద్యులు వాదించారు. ఇలాంటి సమయంలో గుండె చెవిని వదిలిపెట్టి, గొట్టాల చెవికి మాత్రమే వినిపించే మందు కావలసి వచ్చింది. ఇంగ్లండ్‌లో వేర్ అనే ఊళ్ళో డేవిడ్ జాక్ బృందం దాన్ని తయారుచేసింది. అదే సాల్బుటమాల్. 1969లో మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో ఏ మందుల షాపులోనైనా దొరికే పంపులో ఉండేది సాధారణంగా ఇదే.

అయితే మొదటి ప్రశ్న మిగిలింది. వేళ్ళెందుకు వణుకుతాయి? చేతి కండరాల్లో కూడా బీటా రెండు చెవులున్నాయి. పీల్చిన మందులో కొంత రక్తంలో కలిసి అక్కడికీ చేరుతుంది. రక్తనాళాల్లోనూ బీటా రెండు ఉంది. అవి కాస్త వెడల్పయ్యేసరికి గుండె వేగం పెంచుకుంటుంది. గుండెలో కూడా బీటా రెండు చెవులు కొన్ని ఉన్నాయి. అందుకే దడ. గర్భసంచి కండరంలోనూ బీటా రెండు ఉంది. నెలలు నిండకుండా నొప్పులు వస్తే ఆపడానికి ఇదే జాతి మందులు ఇచ్చే పద్ధతి అలా వచ్చింది. వణుకు వచ్చిందంటే మందు పాడైందని కాదు, మీకు పడలేదనీ కాదు. మందు అదే రకం చెవి ఉన్న ఇంకో చోటికి కూడా చేరిందని అర్థం.

అలాంటప్పుడు ఏం చెయ్యాలి? మందును చేరవలసిన చోటికే నేరుగా పంపాలి. ఇక్కడ మీకు ఒక లెక్క చెప్తాను. పంపు ఒకసారి నొక్కితే వచ్చే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. సాల్బుటమాల్ బిళ్ళ ఒకటి 4 మిల్లీగ్రాములు ఉంటుంది. 4 మిల్లీగ్రాములంటే 4000 మైక్రోగ్రాములు. అంటే ఒక్క బిళ్ళలో ఉన్న మందు, పంపు 40 సార్లు నొక్కినంత. మళ్ళీ వినండి. ఒక్క బిళ్ళ, 40 నొక్కుళ్ళు. ఆ మందంతా పొట్టలోకి వెళ్ళి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, ఆఖరికి గొట్టాల దగ్గరకు ఆలస్యంగా చేరుతుంది. దారిలో వణుకు, దడ తెచ్చిపెడుతుంది. అయినా మన ఇళ్ళలో ఏమంటారు? "పంపు వద్దండీ, అలవాటైపోతుంది. బిళ్ళ రాయండి చాలు" అంటారు. పంపు ఉందని తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావని దాచిపెట్టే ఇళ్ళున్నాయి. ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. తక్కువ మందు, సరైన చోటికి, త్వరగా చేరే దారి పంపు. పిల్లలకూ ముసలివాళ్ళకూ పంపుకు స్పేసర్ గొట్టం తగిలించి ఇస్తే ఇంకా మంచిది. నోట్లో పడి వృథా అయ్యే మందు తగ్గుతుంది.

ఇలా చెప్పానని పంపును ఇష్టం వచ్చినట్టు కొట్టుకోకండి. రోజంతా అదే కేక వినిపిస్తుంటే చెవి పలకడం మానేస్తుంది. బీటా రెండు చెవులు కూడా అంతే. సాల్బుటమాల్ అదేపనిగా తగులుతుంటే కొన్ని చెవులు కణం లోపలికి ముడుచుకుపోతాయి. మందు అదే, ఫలితం తక్కువ. అదీకాక సాల్బుటమాల్ కండరాన్ని సడలిస్తుంది గానీ, లోపలి పొర వాపును తగ్గించదు. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అది ఇంకో మేలు కూడా చేస్తుంది. కణం మీద కొత్త బీటా రెండు చెవులు తయారయ్యేలా చేస్తుంది. అందుకే గినా అనే అంతర్జాతీయ ఉబ్బస సంస్థ 2019లో తన సలహా మార్చుకుంది. పెద్దవాళ్ళలో, కౌమారంలో ఉన్నవాళ్ళలో సాల్బుటమాల్ ఒక్కదానితో ఉబ్బసాన్ని నెట్టుకురావద్దని చెప్పింది. స్టెరాయిడ్ కూడా కలిసి ఉండాలని చెప్పింది. ఏడాదిలో మీకు సాల్బుటమాల్ పంపులు మూడు, అంతకు మించి ఖాళీ అవుతున్నాయంటే, మీ ఉబ్బసం అదుపులో లేదని అనుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

మృగశిర కార్తె వస్తే, ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో హైదరాబాదులో చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరతారు. ఆ నమ్మకం మీది. నేను వేడుకునేది ఒకటే. ఆ బారులో నిలబడేటప్పుడు మీ పంపు మీ జేబులో ఉండాలి. రోజూ పీల్చే మందు ఆ మర్నాడు కూడా పీల్చాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న. పెద్దాయన కంటి చుక్కలు.

ఇంతసేపూ కేక గురించి మాట్లాడాం. చెవిలో దూది పెట్టే మందులు కూడా ఉన్నాయి. వాటిని బీటా బ్లాకర్లు అంటారు. జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ వైద్య శాస్త్రవేత్త ఆల్‌క్విస్ట్ రాసింది చదివాడు. గుండెజబ్బు ఉన్నవాళ్ళ గుండెకు అడ్రినలిన్ కేక వినిపించకుండా చేస్తే దానికి విశ్రాంతి దొరుకుతుందని ఆలోచించాడు. 1960ల్లో ప్రొప్రనొలాల్ తెచ్చాడు. లక్షలమందికి మేలు చేసిన మందు అది. 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ ప్రొప్రనొలాల్‌కు బీటా ఒకటి, బీటా రెండు అన్న తేడా లేదు. గుండె చెవిలోనూ దూది పెడుతుంది, గొట్టాల చెవిలోనూ పెడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళలో అది ఊపిరి బిగిస్తుందని 1964లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆ దూదితో పెద్ద నష్టం ఉండదు. వాడి గొట్టాలు ఎటూ తెరుచుకునే ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ గొట్టాలను వేగస్ నరం అస్తమానం బిగిస్తుంటుంది. రక్తంలోని ఆ కొద్దిపాటి అడ్రినలిన్ దాన్ని ఆపుతుంటుంది. చెవి మూసేస్తే ఆ అడ్డు కూడా పోతుంది. అప్పుడు ఆయాసం వస్తే సాల్బుటమాల్ పంపు కొట్టుకున్నా సరిగా పనిచెయ్యదు. అది పలకరించవలసిన చెవిలోనే దూది ఉంది కదా. ప్రమాదమంతా అక్కడే.

ఇక్కడ ఉమ్మెత్త గుర్తొస్తోంది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే అది బ్రిటన్‌కు చేరింది. ఉమ్మెత్త బీటా చెవి జోలికి పోదు. వేగస్ నరం బిగింపును ఆపుతుంది. కానీ ఉమ్మెత్త విషం. దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. ఆ దారిలోనే పనిచేసే సురక్షితమైన పీల్చే మందు ఇప్పుడు ఉంది. పేరు ఇప్రట్రోపియం. బీటా చెవులు మూసుకుపోయిన మనిషి ఆయాసంతో ఆసుపత్రికి వస్తే వైద్యులకు అక్కరకొచ్చేది ఇదే. అయితే రోగి బీటా బ్లాకర్ వాడుతున్నాడని వాళ్ళకు తెలియాలి. ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి.

బీటా బ్లాకర్లు ఎక్కడెక్కడ ఎదురవుతాయో వినండి. బీపీకి ఇస్తారు, గుండెకు ఇస్తారు. అవి అందరికీ తెలుసు. పార్శ్వపు నొప్పి రాకుండా ఇస్తారు. థైరాయిడ్ ఎక్కువై దడ వస్తే ఇస్తారు. చేతుల వణుకుకు ఇస్తారు. ఆందోళన తగ్గడానికి ఇస్తారు. తలనొప్పి కోసం వెళ్ళినవాళ్ళకు తమ ఉబ్బసం సంగతి చెప్పాలని తోచదు. అదీ చిక్కు. వీటిని గుర్తుపట్టడానికి ఒక తేలిక దారి ఉంది. కంపెనీ పేరు కాకుండా, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడండి. బీటా బ్లాకర్ల పేర్లు ఎక్కువగా "లాల్" అని ముగుస్తాయి. ప్రొప్రనొలాల్. అటెనొలాల్. మెటొప్రొలాల్. టిమొలాల్. కార్విడిలాల్. చివర "లాల్" అని ఉంటే, "నాకు ఉబ్బసం ఉంది, ఇది వాడొచ్చా?" అని అడగండి.

వీటిలో అన్నీ ఒకటి కాదు. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ ఎక్కువగా గుండె చెవినే మూస్తాయి. బీటా ఒకటిని. ఉబ్బసం ఉన్నా, గుండెకు తప్పనిసరైతే డాక్టరు చూసుకుంటూ వీటిని జాగ్రత్తగా ఇస్తారు. అయితే మోతాదు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. దూది గొట్టాల చెవికీ చేరుతుంది. ఇంకో హెచ్చరిక. నా మాట విని మీ గుండె బిళ్ళను మీ అంతట మీరు ఆపేయకండి. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే గుండెకే ముప్పు. ముందు డాక్టరును కలవండి.

పెద్దాయన కంటి చుక్కల్లో ఉన్నది టిమొలాల్. ఇది కూడా రెండు బీటా చెవులనూ మూసేదే. కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండదు. కంటి లోపలి మూలన, ముక్కు పక్కన, కనీకనిపించని రంధ్రం ఉంటుంది. ఏడిస్తే ముక్కు కారేది దాని వల్లే. చుక్కమందు ఆ దారిన ముక్కులోకి దిగుతుంది. ముక్కు లోపలి పొర నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మింగిన బిళ్ళలో కొంత భాగాన్ని కాలేయం ముందుగానే విరిచేస్తుంది. ఈ చుక్కకు ఆ వడపోత కూడా లేదు. అందుకే ఒక్క చుక్క ఛాతీ దాకా వెళ్తుంది.

నీటికాసులకు ఏ చుక్క వేసుకునేవాళ్ళయినా ఈ అలవాటు చేసుకోండి. చుక్క వేసుకున్నాక కన్ను మెల్లగా మూయండి. చూపుడువేలితో కంటి లోపలి మూలను, ముక్కు ఎముక పక్కన, మెత్తగా నొక్కి పట్టుకోండి. రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచండి. ముక్కులోకి దిగే మందు బాగా తగ్గుతుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఈ నొక్కడం ఒక్కటే చాలదు. వాళ్ళకు టిమొలాల్ పనికిరాదు. నీటికాసులకు వేరే రకం చుక్కలున్నాయి. లాటనోప్రాస్ట్ లాంటివి బీటా చెవుల జోలికి పోవు. అలాగని చుక్కలు మానేస్తే చూపు పోతుంది. మార్చమని కంటి డాక్టరును అడగాలి. ఇంకొకటి. కొన్ని చుక్కల సీసాల్లో రెండు మందులు కలిపి ఉంటాయి. సీసా మీద రెండో పేరుగా టిమొలాల్ కనిపిస్తుంది. చాలామంది మొదటి పేరు చదివి ఆపేస్తారు.

పంపు మొదలుకొని కంటి చుక్క దాకా ప్రతి మందునూ ఒకే ప్రశ్న అడగొచ్చు. ఇది ఏ చెవికి చేరుతోంది? గుండె చెవికా, గొట్టాల చెవికా? తెరుస్తోందా, మూస్తోందా? జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. మీ డాక్టరుకు తెలుసు. షాపులో ఫార్మసిస్టుకు తెలుసు. మీరు నోరు తెరిచి అడగాలి, అంతే.

ఈ ప్రసంగం అయ్యాక ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే, వాళ్ళు వాడే బిళ్ళలు, చుక్కలు అన్నీ ఒకచోట పెట్టండి. చదువుకునే పిల్లలెవరినైనా పిలిచి, అట్టల మీద, సీసాల మీద ఉన్న చిన్న అక్షరాలు బయటికి చదవమనండి. "లాల్" అని ఎక్కడైనా వినిపిస్తే ఆ అట్టను తీసుకుని రేపే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఆసుపత్రి చీటీలు పెట్టుకునే ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో "ఉబ్బసం ఉంది" అని రాసి పెట్టండి. పళ్ళ డాక్టరైనా, కళ్ళ డాక్టరైనా, తలనొప్పి డాక్టరైనా, ముందు ఆ పేజీయే చూపించండి.